సముద్రం దాటి వచ్చిన బడి సొమ్ము

పందొమ్మిదో శతాబ్దం మొదటి దశకాల్లో లండన్‌లోని చర్చ్ మిషనరీ సొసైటీ ఒక చందా పథకం నడిపింది. ఏడాదికి 5 పౌండ్లు కట్టే దాత పడమటి ఆఫ్రికాలో ఒక పిల్లవాడి తిండి, బట్ట, చదువు భరిస్తున్నట్టు లెక్క. అందుకు ప్రతిగా ఆ పిల్లవాడికి తనకు నచ్చిన పేరు పెట్టే హక్కు దాతకు దక్కేది. ఫ్రీటౌన్ పక్కన లెస్టర్ కొండ మీద సొసైటీ నడిపిన బడిలో ఇలా పేరు మారిన పిల్లలు కూర్చుని ఇంగ్లీషు అక్షరాలు దిద్దారు. తల్లి పిలిచిన పేరు పోయి, ఎన్నడూ చూడని ఇంగ్లండు దొరదో దొరసానిదో పేరు హాజరుపట్టీకి ఎక్కింది. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ పిల్లల వారసులు, అంటే సియెర్రా లియోన్ క్రియోలు, లండన్‌లోనూ వాషింగ్టన్ పరిసరాల్లోనూ స్థిరపడి తమ వారసత్వ వేడుకలు చేసుకుంటున్నారు. అక్కడ పోగైన డబ్బును ఫ్రీటౌన్ పిల్లల ఫీజులకీ పుస్తకాలకీ బడి కప్పులకీ పంపిస్తున్నారు. ఈ కొత్త సొమ్ముదీ ఆ పాత 5 పౌండ్లదీ ఒకటే దారి. రెండూ సముద్రం దాటి వచ్చినవే. ఆ దారిలో ఇప్పటిదాకా ఏం జరిగిందో తెలిస్తేనే ఇవాళ పంపే సొమ్ము ఎలా ఉండాలో తెలుస్తుంది. క్రియోల వారసత్వమే బడి చుట్టూ కట్టుకున్న వారసత్వమనీ, దూరం నుంచి సొమ్ము వచ్చిన ప్రతిసారీ బడి మీద పెత్తనం ఎవరిదన్న ప్రశ్న దాని వెంటే వచ్చిందనీ ఈ వ్యాసంలో నా వాదన.

క్రియోలు సియెర్రా లియోన్ జనాభాలో రెండు శాతానికి మించరు. అయినా ఒక మెండే జాతి రైతూ ఒక టెమ్నే జాతి వ్యాపారీ సంతలో ఎదురుపడితే బేరమాడుకునేది క్రియో భాషలోనే. ఈ చిన్న సమాజం నాలుగు దిక్కుల నుంచి వచ్చి కలిసిన మనుషులతో ఏర్పడింది. 1787లో లండన్ వీధుల్లో దిక్కులేక తిరుగుతున్న నల్లజాతి పేదల్ని గ్రాన్‌విల్ షార్ప్ పూనికతో ఇక్కడికి తెచ్చి దించారు. వాళ్లలో చాలామందిని జ్వరాలు తీసుకుపోయాయి. మిగిలినవాళ్ల ఊరిని 1789లో స్థానిక టెమ్నే నాయకుడు తగలబెట్టించాడు. 1792లో నోవా స్కోషియా నుంచి 15 ఓడల్లో దాదాపు 1,200 మంది వచ్చారు. వీళ్లు అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ పక్షాన చేరి బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లు. కెనడా చలిలో ఇస్తామన్న భూమి దక్కక విసిగిపోతే, వాళ్లలో ఒకడైన థామస్ పీటర్స్ లండన్ దాకా వెళ్లి మొరపెట్టుకున్నాడు. ఫ్రీటౌన్‌ను కట్టింది వీళ్లే. 1800లో మరూన్లు వచ్చారు. జమైకా కొండల్లో బ్రిటిష్ సైన్యంతో పోరాడి దేశబహిష్కారానికి గురైనవాళ్లు వాళ్లు. 1807లో బానిస వ్యాపారం మీద బ్రిటన్ నిషేధం పెట్టాక నౌకాదళం సముద్రంలో పట్టుకున్న ఓడల్లోని బందీలను ఫ్రీటౌన్ రేవులో దించడం మొదలైంది. 1860ల వరకు అలా దిగినవాళ్లు 80 వేలకు పైమాటే. యోరుబా, ఇగ్బో, హౌసా, నూపే, కాంగో, ఇంకా ఎన్నో జాతులు. ఫ్రీటౌన్‌లోని ఫౌరా బే కాలేజీలో పాఠాలు చెప్పిన జర్మన్ మిషనరీ కోల్ ఊరు దాటకుండానే నూటికి పైగా ఆఫ్రికా భాషల పదాలు సేకరించి 1854లో అచ్చు వేయగలిగాడు. ఫ్రీటౌన్‌లో ఎంతమంది ఎన్ని చోట్ల నుంచి వచ్చి పడ్డారో చెప్పడానికి ఆ పుస్తకం కన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

వీళ్లందరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటి? ఒకే భాష లేదు, ఒకే దేవుడు లేడు, ఒకే ఊరి జ్ఞాపకం లేదు. ఉమ్మడి వస్తువు ఏదైనా ఉందంటే అది పలక. నోవా స్కోషియా వాళ్లు తమ చర్చిల్ని, బోధకుల్ని వెంట తెచ్చుకున్నారు. వాళ్లలో బోస్టన్ కింగ్ అనే మెథడిస్టు బోధకుడు చుట్టుపక్కల ఆఫ్రికన్ పిల్లలకు చదువు చెప్పడానికి పూనుకుని, తనకున్న చదువు చాలదని గ్రహించి, 1794లో ఇంగ్లండులోని కింగ్స్‌వుడ్ బడికి వెళ్లి రెండేళ్లు చదువుకుని తిరిగొచ్చాడు. దక్షిణ కరొలినాలో బానిసగా పుట్టినవాడు, నడివయసులో, తాను పాఠం చెప్పడానికి తాను మళ్లీ విద్యార్థి కావడం చిన్న సంగతి కాదు. సముద్రం దాటి వెళ్లి, నేర్చుకుని, తిరిగొచ్చి పిల్లలకు చెప్పడమన్న క్రియో నడవడి అక్కడే మొదలైందని అనవచ్చు. 1816 తర్వాత గవర్నర్ మెకార్తీ ఓడల నుంచి దిగినవాళ్ల కోసం కొండల్లో రీజెంట్, గ్లాస్టర్, చార్లట్, బాథర్స్ట్ వంటి ఊళ్లు కట్టించి, ఊరికొక చర్చి, దాని పక్కనే ఒక బడి పెట్టించాడు. ఇంగ్లండు రాజవంశీకుల, ప్రభువుల పేర్లు తెచ్చి పెట్టడంలో పాలకుల దర్పం ఉన్న మాట నిజమే. కానీ తల్లినీ తండ్రినీ భాషనూ పోగొట్టుకుని ఓడ దిగిన పిల్లలకు ఆ బడి గది తప్ప వేరే చుట్టరికం లేదన్నదీ నిజమే.

ఆ తరంలో అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చుకున్నవాడు శామ్యూల్ అజాయి క్రౌథర్. 1821లో యోరుబా దేశంలోని ఒసోగున్ మీద దాడి జరిగినప్పుడు పన్నెండేళ్ల వాడు. చేతులు మారి మారి పోర్చుగీసు ఓడ ఎక్కాడు. మరుసటేడు బ్రిటిష్ నౌక ఆ ఓడను పట్టుకుని అతణ్ని ఫ్రీటౌన్‌లో దించింది. 1825లో బాప్తిస్మం ఇచ్చినప్పుడు పెట్టిన శామ్యూల్ క్రౌథర్ అన్న పేరు లండన్‌లో ఒక చర్చి పాదిరిది, సొసైటీ పెద్దల్లో ఒకరిది. రెండేళ్లకు మొదలైన ఫౌరా బే కాలేజీ తొలి విద్యార్థుల్లో ఆయన ఒకడు. 1864లో ఆంగ్లికన్ చర్చికి తొలి ఆఫ్రికన్ బిషప్ అయ్యాడు. యోరుబాలోకి బైబిలు తేవడంలో ప్రధాన పాత్ర ఆయనది. పరాయి పేరు మోసిన పిల్లవాడే తాను పోగొట్టుకున్న భాషకు రాతరూపం ఇచ్చేవాడయ్యాడు. దీన్ని మిషనరీల దయకు రుజువుగా చూపేవారున్నారు. నాకలా అనిపించదు. ఇచ్చినవాడు అనుకున్న హద్దు దాటి పుచ్చుకున్నవాడు ఆ చదువును ఎక్కడికి తీసుకెళ్లాడన్నదే ఇక్కడ చూడవలసింది. సొసైటీకి కావలసింది తమ మతం చెప్పే సహాయకులు. క్రౌథర్ చేతిలో యోరుబా నిఘంటువు, వ్యాకరణం తయారయ్యాయి. బతుకు చివరలో, నైజర్ ప్రాంతంలో ఆయన అధికారాన్ని యువ తెల్ల మిషనరీలు లాక్కున్నప్పుడు, పేరు పెట్టినవాడు పెత్తనం కూడా వదలడని ఆఫ్రికా అంతా చూసింది. 1891లో ఆయన పోయాక ఆ పీఠం మీద తెల్ల బిషప్పునే కూర్చోబెట్టారు.

అయితే ఈ కథ పుచ్చుకోవడంతో ఆగలేదు. ఓడ దిగిన మొదటి తరంలోనే ఇచ్చే అలవాటు పుట్టింది. ఒకే జాతి వాళ్లు, ఒకే ఓడలో వచ్చినవాళ్లు సహాయ సంఘాలు కట్టుకుని జబ్బుకీ చావుకీ డబ్బు దాచుకున్నారు. యోరుబాల నుంచి వచ్చిన అసూసూ పద్ధతిలో, మన చీటీల మాదిరిగానే, అందరూ వారం వారం వేసిన డబ్బును వంతులవారీగా ఒక్కొక్కరు తీసుకునేవారు. ఆ డబ్బుతో జప్తు చేసిన ఓడల్లోని సరుకు వేలంలో కొన్నారు, చిల్లర వ్యాపారం పెట్టారు, తర్వాత ఆ ఓడలనే కొన్నారు. సంపాదించినవాడు మొదట కట్టింది రాతి పునాది మీద చెక్క ఇల్లు. రెండోది పిల్లల చదువు. 1845లో ఫ్రీటౌన్‌లో గ్రామర్ స్కూలు తెరిచారు. పడమటి ఆఫ్రికాలో మగపిల్లలకు అది తొలి ఉన్నత పాఠశాల. నాలుగేళ్లకు ఆడపిల్లల బడి వచ్చింది. దానికి తర్వాత యానీ వాల్ష్ అన్న పేరు స్థిరపడింది. ఆమె చిన్న వయసులో చనిపోయిన ఇంగ్లండు యువతి. కట్టడానికి సొమ్మిచ్చింది ఆమె తల్లిదండ్రులు. ఇక్కడ కూడా పేరు దూరపు దాతదే. కానీ ఆ గోడల మధ్య ఫీజు కట్టి చదివించింది ఫ్రీటౌన్ సంతల్లో కూర్చున్న తల్లులు. 1861లో సొసైటీ ఊళ్లలోని తన చర్చిల బాధ్యతను చాలావరకు స్థానిక పాదిరులకు అప్పగించినప్పుడు, చర్చితో పాటు ఖర్చు కూడా ఆ ఊళ్ల మీదే పడింది. జనం మోశారు. 5 పౌండ్ల చందా నుంచి అప్పటికి గడిచింది యాభై ఏళ్లు కూడా కాదు.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం సియెర్రా లియోన్ బయట దొరుకుతుంది. 1839 ప్రాంతంలో యోరుబా మూలాలున్నవాళ్లు సొంత ఖర్చుతో ఓడ ఎక్కి లాగోస్‌కూ బదాగ్రీకీ అక్కడి నుంచి అబెయొకుటాకూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు. వాళ్లను అక్కడ సారో అన్నారు. గాంబియాలో ఆకు అన్నారు. వీళ్లు వెళ్లిన చోటల్లా వ్యాపారం చేశారు, వెంటనే బడి పెట్టారు. క్రౌథర్ అల్లుడు, ఫౌరా బేలో చదివిన థామస్ బాబింగ్టన్ మెకాలే 1859లో లాగోస్‌లో గ్రామర్ స్కూలు తెరిచాడు. నైజీరియాలో ఉన్నత పాఠశాల చదువుకు అదే నాంది. ఆయన కొడుకు హెర్బర్ట్ మెకాలే తర్వాత నైజీరియా జాతీయోద్యమానికి ఆద్యుడయ్యాడు. ప్రవాసంలో ఉన్న క్రియోలు సొంత ఊరికి చదువు పంపడం ఇరవయ్యో శతాబ్దపు వలసతో వచ్చిన కొత్త ఆలోచన అనుకునేవారు ఈ లాగోస్ బడిని గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లోనే ఇంకో వలస కూడా జరిగింది, దాని ముగింపు వేరు. 1841 నుంచి, విడిపించి తెచ్చిన ఆఫ్రికన్లలో వేలమందిని ఫ్రీటౌన్ నుంచి జమైకా, ట్రినిడాడ్, బ్రిటిష్ గయానా తోటలకు కూలీలుగా పంపారు. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటలకు మనుషులు కావలసివచ్చి, అదే కాలంలో కోరంగి, మద్రాసు రేవుల నుంచి తెలుగువాళ్లను మారిషస్‌కు ఎక్కించారు. ఒకే యజమాని అవసరం రెండు ఖండాల పేదల్ని కదిలించింది. తోటకు వెళ్లినవాడు కూలీ అయ్యాడు. ఫ్రీటౌన్‌లో మిగిలినవాడి కొడుకు డాక్టరయ్యాడు.

నేనన్న ఆ డాక్టరు ఆఫ్రికానస్ హోర్టన్. 1835లో గ్లాస్టర్ ఊళ్లో ఒక ఇగ్బో వడ్రంగికి పుట్టి, గ్రామర్ స్కూలు, ఫౌరా బే దాటి, లండన్‌లో, ఎడిన్‌బరోలో వైద్యం చదివి 1859లో పట్టా పుచ్చుకున్నాడు. ఆఫ్రికానస్ అన్నది తనకు తాను పెట్టుకున్న పేరు. 5 పౌండ్ల చందా పేర్లు పెట్టిన లెస్టర్ కొండ ఆయన పుట్టిన గ్లాస్టర్‌కు నడిచి వెళ్లేంత దగ్గర. పట్టా వచ్చిన రెండేళ్లకే పడమటి ఆఫ్రికాలో వైద్య విద్యాలయం పెట్టాలని బ్రిటిష్ యుద్ధ శాఖకు రాశాడు. 1868లో అచ్చైన తన గ్రంథంలో ఫౌరా బేను విశ్వవిద్యాలయంగా మార్చాలని వాదించాడు. 1872లో పాదిరి ఎడ్వర్డ్ బ్లైడెన్ గవర్నరుతో ఉత్తరాల్లో అదే కోరాడు, ఇంకో మెట్టు పైకెక్కి: పాఠాలు ఆఫ్రికాకు చెందినవై ఉండాలని. ఫలితంగా వచ్చింది సగమే. 1876లో ఫౌరా బే డర్హమ్ విశ్వవిద్యాలయానికి అనుబంధమై పట్టాలిచ్చింది, కానీ పాఠ్యక్రమం డర్హమ్‌దే. ఆ అసంతృప్తి ఊరికే పోలేదు. 1887లో ఫ్రీటౌన్‌లో వస్త్ర సంస్కరణ సంఘం పెట్టిన యువకులు సూటూ కోటూ వద్దన్నారు. వాళ్లలో విలియం డేవీస్ తన పేరును ఒరిషాటుకే ఫడూమా అని మార్చుకున్నాడు. దూరపు సొమ్ముతో అంటిన పేరును చదువుకున్నవాడే తిరిగి విడిచిపెట్టాడు. రెండో ప్రపంచయుద్ధం ముగిసే వేళ, పడమటి ఆఫ్రికాకు ఒక్క విశ్వవిద్యాలయం చాలు, అది ఇబాదన్‌లో ఉండాలని బ్రిటిష్ ప్రభుత్వం వేసిన విద్యా కమిషన్‌లో కొందరు సిఫారసు చేసి ఫౌరా బే స్థాయిని తగ్గించబోతే, ఫ్రీటౌన్ పౌరులు గట్టిగా ఎదిరించి కాలేజీని నిలబెట్టుకున్నారు. ఆ వారసత్వాన్ని వేడుక చేసుకునే ఎవరికైనా ఈ పోరాటమే అసలైన పండుగ అని నా అభిప్రాయం.

వేడుక, చందా, బడి మూడూ ఒకే మనిషి చేతిలో కలిసిన సందర్భం అడిలైడ్ కేస్లీ హేఫర్డ్‌ది. 1868లో ఫ్రీటౌన్‌లో పుట్టి, ఇంగ్లండులో పెరిగి, జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సంగీతం నేర్చుకున్న ఈమెకు ఆఫ్రికన్ ఆడపిల్లలకు వృత్తివిద్యా బడి పెట్టాలన్న కోరిక కలిగింది. డబ్బు కోసం 1920లో సోదరి కూతురు కాథ్లీన్ ఈస్మన్‌ను వెంటబెట్టుకుని అమెరికా వెళ్లింది. అక్కడి నల్లజాతి చర్చిల్లో, మహిళా సంఘాల్లో, బళ్లల్లో రెండేళ్లు తిరిగి ఉపన్యాసాలిచ్చింది. ఆఫ్రికన్ బట్టలూ చేతిపనులూ చూపించి, ఇదీ మా సంస్కృతి, దీన్ని మా పిల్లలకు నేర్పే బడికి చేయూతనివ్వండి అని అడిగింది. 1923లో ఫ్రీటౌన్‌లో సొంత ఇంట్లో బడి తెరిచింది. నేత, బుట్టల అల్లిక, కుట్టుపనితో పాటు ఆఫ్రికన్ చరిత్ర మీద గౌరవం నేర్పాలన్నది ఆమె పట్టుదల. 1925లో వేల్స్ యువరాజు వచ్చినప్పుడు ఆయన సత్కార సభకు ఆఫ్రికన్ దుస్తుల్లోనే వెళ్లింది. గొప్ప గొప్ప కుటుంబాలు మాత్రం తమ ఆడపిల్లలకు బుట్టల అల్లికేమిటని ముఖం చాటేశాయి. బడి ఎప్పుడూ డబ్బుకు కటకటలాడుతూనే నడిచి 1940లో మూతబడింది. అమెరికా పర్యటన వసూలు ఒక్కసారి వచ్చేది, బడి ఖర్చు ప్రతి నెలా వస్తుంది. ప్రవాసుల దానానికి ఆమె అనుభవంలోంచి వచ్చే హెచ్చరిక ఇదే, దీన్ని ఎంత సీరియస్‌గా తీసుకున్నా తక్కువే. తర్వాతి తరంలో కాన్‌స్టన్స్ కమింగ్స్ జాన్ యుద్ధం ముగిశాక అమెరికాలో ఐదేళ్లుండి, పాల్ రోబ్సన్ నడిపిన ఆఫ్రికా వ్యవహారాల మండలిలో పనిచేసి, డబ్బు కూడగట్టుకుని వచ్చి 1952లో ఫ్రీటౌన్‌లో ఎలియనార్ రూజ్‌వెల్ట్ పేరుతో ఆడపిల్లల ప్రాథమిక పాఠశాల పెట్టింది. ఈసారి పేరు దూరపు మనిషిదే అయినా దాన్ని ఎంచుకున్నది ఫ్రీటౌన్ మనిషి. ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది.

ఇంతవరకు చెప్పినదానికి బలమైన ఆక్షేపణ ఒకటుంది. క్రియోల బడి కొద్దిమంది బడి. బ్రిటిష్‌వాళ్లు 1896లో లోపలి ప్రాంతాన్ని రక్షిత ప్రాంతంగా ప్రకటించాక, తీరంలోని కాలనీకీ లోపలి పల్లెలకీ మధ్య చదువులో పెద్ద అగాధం నిలిచింది. 1898లో ఇంటి పన్ను మీద తిరుగుబాటు చెలరేగినప్పుడు మెండే ప్రాంతాల్లో వ్యాపారం చేసుకుంటున్న క్రియోలు వందల సంఖ్యలో చంపబడ్డారు. ప్యాంటూ చొక్కా వేసుకుని ఇంగ్లీషు మాట్లాడేవాణ్ని తెల్లవాడి మనిషిగా చూశారు. లోపలి ప్రాంతానికి ప్రభుత్వం బో అనే ఊళ్లో ఒక మంచి బడి పెట్టింది 1906లోనే. అది కూడా నాయకుల కొడుకులకూ వాళ్లు పంపిన పిల్లలకూ. అలాంటప్పుడు క్రియో వారసత్వం పేరుతో ఫ్రీటౌన్ పాత బళ్లకు డబ్బు పంపడమంటే మేడ మీద మేడ కట్టడమే కదా అని అడుగుతారు. ఇందులో సగం న్యాయం. పూర్వ విద్యార్థి సంఘాలు సహజంగానే తాము చదివిన బడినే తలుచుకుంటాయి, ఆ బళ్లు ఎక్కువగా ఫ్రీటౌన్‌లోనివే. మిగతా సగానికి జవాబు క్రియోల పుట్టుకలోనే ఉంది. చదువుకోవడానికి వచ్చిన పరాయి పిల్లల్ని తమవాళ్లుగా కలుపుకోవడం ద్వారానే ఆ సమాజం పెరిగింది. మెండే, టెమ్నే, లింబా ఇళ్ల పిల్లల్ని క్రియో కుటుంబాలు వార్డులుగా, అంటే తమ సంరక్షణలోని పిల్లలుగా, ఇంట్లో పెట్టుకునేవి. వాళ్లలో కొందరు బడికి వెళ్లారు, కొందరి చేత చాకిరీ మాత్రమే చేయించుకున్నారు. ఆ అన్యాయాన్ని దాచకూడదు. కానీ ఆ పద్ధతి తలుపు మూసుకున్న జాతిది కాదు. వారసత్వాన్ని నిజంగా గౌరవించే ప్రవాసి తన డబ్బుతో చదివే పిల్లవాడి ఇంటిపేరు అడగకుండా ఉంటేనే ఆ చరిత్రకు తగ్గవాడవుతాడు.

ఇక్కడే ఓకు ముస్లింల సంగతి చెప్పాలి. ఓడల నుంచి దిగిన యోరుబాల్లో ముస్లింలు కూడా ఉన్నారు. ఫౌరా బే పేటలో, ఫూలా టౌన్‌లో మసీదులు కట్టుకుని, మిషనరీ బడికి పోతే మతం పోతుందని చాలాకాలం దూరంగా ఉన్నారు. వాళ్లు క్రియోలా కాదా అన్న వాదన పండితుల్లో ఇంకా సాగుతోంది. బ్లైడెన్ ఒకప్పుడు క్రైస్తవ పాదిరిగా పనిచేసినవాడై ఉండీ 1901 నుంచి ప్రభుత్వం తరఫున ముస్లిం విద్యకు డైరెక్టరుగా పనిచేసి, వాళ్ల పిల్లలకు అరబ్బీతో పాటు ఇంగ్లీషు చదువు అందేలా చూశాడు. చర్చి కానుకతో కాక వేరే దారిలో వచ్చిన చదువు కూడా ఈ వారసత్వంలో భాగమే. వేడుకల్లో చర్చి కీర్తనలతో పాటు ఓకుల పెళ్లి పాటలు కూడా వినిపించడం అందుకే అవసరమనిపిస్తుంది.

రెండో ఆక్షేపణ ప్రభుత్వాన్ని గురించినది. 2018లో సియెర్రా లియోన్ ప్రభుత్వం ఉచిత నాణ్యమైన విద్యా కార్యక్రమం మొదలుపెట్టి ప్రభుత్వ బళ్లలో, సాయం పొందే బళ్లలో ఫీజులు ఎత్తేసింది. ఎబోలా కాలంలో గర్భవతులైన బాలికల్ని బడికి రానివ్వకుండా పెట్టిన నిషేధాన్ని 2020లో తీసేసింది. మరి ప్రభుత్వమే మోస్తున్నప్పుడు ప్రవాసుల చందా ఎందుకు, అది ప్రభుత్వ బాధ్యతను తేలిక చేయదా అంటారు. ఫీజు పోయినంత మాత్రాన చదువు ఖర్చు పోదు. యూనిఫాం, ప్రయాణం, మధ్యాహ్నం తిండి, బెంచీ, గ్రంథాలయం, ప్రయోగశాల, వర్షాకాలంలో కారే కప్పు మిగిలే ఉంటాయి. పిల్లలు ఒక్కసారిగా పెరిగితే గదులు చాలవు. 1991 నుంచి 2002 దాకా సాగిన అంతర్యుద్ధం దేశంలో ఎన్నో బడి గోడల్ని కూల్చింది. క్లైన్ టౌన్‌లోని ఫౌరా బే కాలేజీ పాత రాతి భవనం కూడా 1999లో కాలిపోయింది. 2017 ఆగస్టులో రీజెంట్ కొండచరియ విరిగిపడి వెయ్యిమందికి పైగా చనిపోయారు లేదా గల్లంతయ్యారు. విడిపించి తెచ్చినవాళ్ల మొదటి బళ్లు వెలసిన కొండలే అవి. అలాంటి దేశంలో ప్రభుత్వం చేయవలసినదీ పౌరులు చేయవలసినదీ వేర్వేరు పాత్రల్లో కొలిచే వీలు లేదు. అయితే చందా ఇచ్చేవాడు ప్రభుత్వాన్ని నిలదీసే హక్కును కూడా తన దగ్గరే ఉంచుకోవాలి. ఫౌరా బేను కాపాడుకున్న పౌరులు చందాలూ ఇచ్చారు, అర్జీలూ పెట్టారు.

వేడుకలు దండగని, ఆ హాలు అద్దె నేరుగా బడికి పంపితే పోలేదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. లెక్క చూస్తే సరైన ప్రశ్నే. కానీ డబ్బు ఏ బంధం మీద కదులుతుందో వాళ్లు చూడటం లేదు. అసోబీ అంటే ఒకే బట్ట అందరూ కొనుక్కుని కట్టుకోవడం. ఆ బట్ట అమ్మకంలో మిగిలిందే చాలా సంఘాలకు నిధి. అవూజో అంటే చనిపోయిన పెద్దలకు పెట్టే విందు. దానికి ఊరంతా రావాలి, ఎవరినీ పొమ్మనకూడదు. కబాస్లాట్ గౌను, మరూన్లు జమైకా నుంచి తెచ్చిన గుంబే డప్పు, శనివారం ఫూఫూ, ఆకుకూరతో వండిన ప్లాసాస్, ఇవన్నీ పెద్దలకూ పిల్లలకూ మధ్య నడిచే వంతెనలు. లండన్‌లో పుట్టిన పిల్లకు ఫ్రీటౌన్ పిల్లవాడు ఫొటోలోని పేదవాడిగా మాత్రమే తెలిస్తే, ఆమె పెద్దయ్యాక ఇచ్చేది దానమవుతుంది, లెస్టర్ కొండ చందా లాంటిదే అవుతుంది. ఆ పిల్లవాడు తన అవూజోలో కూర్చునే చుట్టంగా తెలిస్తే, ఇచ్చేది వంతు అవుతుంది. వేడుక మీద పెట్టే ఖర్చుకు నేను చూసే సమర్థన ఇదొక్కటే. ఆ మార్పు తేలేని వేడుకకు హాలు అద్దె నిజంగానే దండగ.

చివరి చిక్కు భాషది. చాలాకాలం క్రియో పిల్లవాడు బడి గేటు దాటగానే క్రియో మాట్లాడకూడదనేవారు. అది విరిగిన ఇంగ్లీషని చెప్పి కొట్టేవారు. పాత్రికేయుడు థామస్ డెకర్ 1930ల చివర నుంచి అది స్వతంత్ర భాష అని వాదించి, 1964లో షేక్స్పియర్ జూలియస్ సీజర్‌ను క్రియోలోకి తెచ్చి చూపించాడు. అంతకు ముందే అడిలైడ్ కూతురు గ్లాడిస్ క్రియోలో కవితలు రాసింది. 1980లో క్లిఫర్డ్ ఫైల్, ఎల్డ్రెడ్ జోన్స్ కలిసి తెచ్చిన క్రియో-ఇంగ్లీషు నిఘంటువుతో ఆ వాదన పండితుల బల్లమీదికి చేరింది. బడి ఈ సమాజానికి ఇంత ఇచ్చి, దాని నాలుకను మాత్రం దూరం పెట్టింది. అందుకే ప్రవాసుల సొమ్ము ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకే పోతే పాత 5 పౌండ్ల చందా పని సగం ఇంకా సాగుతున్నట్టే. మొదటి రెండు తరగతుల్లో పిల్లవాడికి తెలిసిన భాషలో, అది క్రియో కావచ్చు, మెండే కావచ్చు, టెమ్నే కావచ్చు, చదివే బొమ్మల పుస్తకాలు అచ్చు వేయించడానికి పెద్ద నిధి అక్కర్లేదు, ఒక ఊరి సంఘం వార్షిక వసూలు చాలు. ఏ పుస్తకాలు వేయాలో, ఏ ఊరికి పంపాలో నిర్ణయించేది అక్కడి ఉపాధ్యాయులూ తల్లిదండ్రులూ కావాలి. లండన్ సంఘం ఆ లెక్కకు తన వంతు కట్టి, ఏడాదికోసారి వాళ్లు పంపిన ఖర్చు పట్టీ చదువుకుంటే సరిపోతుంది.